బంగారు పామును, కణద్వారమును

1796 లో లండను నగరమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యు డొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. చోళమండల తీరమునందలి సర్పములను గూర్చిన గ్రంథ మది. ఆ రస్సెల్ కొంతకాలము విశాఖపట్టణమున నివసించి, తూర్పు ఇండియా కంపెనీవారి కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడై, ఆ ప్రాంతపు పాములకు బొమ్మలు వ్రాయించి, వానికి మనవారు పెట్టిన పేళ్లను తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. పసుపు నలుపు పట్టెలు గల యొక కట్లపామునకు మనవారు చెప్పిన పేరు బంగారు పాము. 1803 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞు డొకడు ఆ తెలుగుమాటకే లాటిను వేషము తొడిగి, కట్లపాముల జాతి కంతకును బంగారస్ అని నామకరణము చేసెను. నూటయరువది యేండ్లు గడచిన పిమ్మట తైవాను ద్వీపమున అదే జాతి పామునుండి వేరుచేయబడిన విషమునకు బంగారోటాక్సిన్ అను పేరు వచ్చినది.

ఇది మన గొప్పను చాటుటకు చెప్పిన మాట కాదు. పేరు మనది, ఆ విషమును పరిశోధించిన విద్య మాత్రము ఇతరులది. పామును చూచి బంగారము వంటి దని మురిసిన మనము, అది కరచిన మనుష్యుడు ఏల చచ్చుచున్నాడని యడుగుటకు కుతూహలపడలేదు. ఆ ప్రశ్న నడిగినవారికి జీవకణముల పైపొరయందుండు గ్రాహకము లను ద్వారములు గోచరించినవి. ఆ ద్వారముల కిమిడి తగులుకొను చిన్న మాంసకృత్తులను, ప్రకృతిలో నెన్నడును లేనివానిని, కంప్యూటరుతో లెక్క కట్టి సృజించు విద్య మన కాలమున పుట్టినది. ఆ విద్య పుట్టిన క్రమమును, పాముకాటునకు ప్రాణములు కోల్పోవువారికి దానివలన కలిగిన యాశ యెంతటిదో దానిని, చదువరుల కెరిగింపదలచినాము.

కథ విషముతోనే ప్రారంభ మగును. దక్షిణ అమెరికా అడవులలోని జనులు బాణపు మొనలకు పూయు కురారీ అను విషమును 1850 ప్రాంతమున పారిసులో క్లోడ్ బెర్నార్డు కప్పలపై పరీక్షించెను. విషమెక్కిన కప్ప నరమును ఎంత ప్రేరేపించినను కండ కదలదు. కండనే సూటిగా విద్యుత్తుతో తాకినచో కదలును. నరము చెడలేదు, కండ చెడలేదు. రెంటికి నడుమ నెచటనో మాట తెగిపోయినది. ఎచట తెగినదో చెప్పుటకు మరి యేబది యేండ్లు పట్టెను.

దానిని చెప్పినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి జాన్ న్యూపోర్టు లాంగ్లీ. 1905 లో ఆయన ప్రకటించిన ప్రయోగములను చదివినప్పుడు, ఒక మంచి తర్కగ్రంథమును చదివిన తృప్తి కలుగును. పొగాకులోని నికొటీనును కోళ్ల శరీరమున కెక్కింపగా కొన్ని కండరములు బిగిసికొనెను. నికొటీను నరపు కొనలను తాకుటచే నిట్లయ్యెనని యెవరైన అనవచ్చును గదా? కావున లాంగ్లీ ఆ కండకు బోవు నరమును కోసి, దాని కొనలు పూర్తిగా క్షీణించువరకు వేచియుండి, మరల నికొటీనును ప్రయోగించెను. అప్పుడును కండ బిగిసెను. నరము లేకయే బిగిసినది కావున విషము తాకినది కండనే యని తేలెను. పిదప కురారీ నిచ్చెను, బిగువు సడలెను. నికొటీనును హెచ్చించెను, మరల బిగిసెను. ఒకే పీటపై కూర్చుండుటకు ఇద్దరు పోటీపడినట్లున్నది! అయినను కురారీ యెక్కిన ఆ కండను విద్యుత్తుతో తాకినచో యథాప్రకారముగ కదలుచునేయున్నది. కదలించు పదార్థ మొకటి, విషములను గ్రహించు పదార్థము వేరొకటి అని లాంగ్లీ నిశ్చయించి, రెండవదానికి గ్రహించు పదార్థమను పేరు పెట్టెను. దానిని కంట చూచినవారు లేరు, చేత తాకినవారు లేరు. కేవలము అనుమాన ప్రమాణముచేత, పొగను చూచి నిప్పును చెప్పినట్లు, దాని యునికిని స్థాపించెను.

జర్మనీదేశమున పాల్ ఎర్లిక్ అనునాతడు రోగవిషములను పరిశీలించుచు, మరియొక త్రోవను ఇట్టి యూహకే వచ్చియుండెను. నేడు వాడుకలో నున్న గ్రాహకమను మాటకు మూలమైన పద మాయనది. అంతకు మునుపే 1894 లో ఎమిల్ ఫిషర్ అను రసాయనజ్ఞుడు, శరీరములోని పదార్థములు ఒకదానితో నొకటి తాళమును తాళపుచెవియువలె నిముడునని చెప్పియుండెను. ఈ మూడు మాటలును కలిసి చక్కని సిద్ధాంతమైనవి గాని, తాళ మెట్లుండునో యెవరికిని తెలియదు. గ్రాహకము వట్టి మాటయే గాని వస్తువు కాదనినవారు పెద్దలలోనే యుండిరి. 1921 లో ఆటో లోవి కప్పగుండెలతో చేసిన ప్రయోగము వలన నరములు రసాయనద్రవ్యముల మూలముననే సందేశములను పంపునని స్థిరపడినది. కండలకు పోవు సందేశమును మోయునది ఎసిటైల్‌కోలీ నని హెన్రీ డేల్ మొదలగువారు నిరూపించిరి. అయినను తాళము దొరకలేదు.

దొరకింపజేసినది మన బంగారు పాముజాతియే. 1963 లో తైవానునందు చాంగ్, లీ అను నిరువురు కట్లపాము విషమును పాయలు పాయలుగ విడదీసి, అందొక పాయ కండపై గ్రాహకమును పట్టుకొని యిక వదలదని కనుగొనిరి. ఆ వదలకపోవుటయే పరిశోధకులకు వరమైనది. విద్యుత్తును పుట్టించు ఈలు చేపల యవయవమున ఈ గ్రాహకములు మెండుగ నుండును. 1970 లో పారిసునందలి జాఁ పియెర్ షాంజ్యూ తైవాను వైద్యుడు లీతో గూడి, ఈ విషమును గాలముగ నుపయోగించి, ఆ చేపనుండి గ్రాహకమును గుర్తించెను. లాంగ్లీ యూహకు అరువదియైదేండ్ల తరువాత రూప మేర్పడినది. తరువాతి పరిశోధనలవలన తెలిసిన దేమనగా: అయిదు మాంసకృత్తులు వలయముగ నిలిచి నడుమ సన్నని సందును కాచుచుండును, ఎసిటైల్‌కోలీను వచ్చి తాకినప్పుడు సందు తెరచుకొనును, లవణపు కణములు లోనికి చొచ్చును, కండ కదలును. నాగుపాము, కట్లపాముల విషములోని యొక చిన్న మాంసకృత్తు ఈ ద్వారమున కూర్చుండి సందేశమును లోనికి రానీయదు. ఊపిరి నాడించు కండలును నిలిచిపోవును. కరవబడినవానికి తెలివి యున్నను ఊపిరి తీసికొను బలము లేకపోవును.

ఇచట మన ప్రాచీనులను తలపకపోవుట న్యాయము కాదు. సుశ్రుతసంహితయందు కల్పస్థానమున పాములను దర్వీకరములు, మండలులు, రాజిమంతములు అని విభజించియున్నారు. పడగ గలవి, మండలములు గలవి, చారలు గలవి అను నీ విభాగము నేటి నాగు, పింజరి, కట్లపాముల విభాగమునకు చాల దగ్గరగ నున్నది. కన్నులు తెరచి చూచినవారే యిట్లు వ్రాయగలరు. అయితే తరువాతి తరములవారు ఆ చూపును పెంచుకొనక, గ్రంథమును పూజించి, రోగిని మంత్రగాని కప్పగించిరి. సంస్కృతము చదివిన మాకే ఈ మాట చెప్పు హక్కు కొంత కలదని తలచుచున్నాము.

మంత్రము పనిచేయుట మేము కన్నులార చూచితి మని చెప్పు పెద్దమనుష్యు లింకను గలరు. వారు అబద్ధమాడుచున్నారని మేమనము. కరచిన పాములలో విషము లేనివి యనేకములు. విషము గల పాము కూడ కొన్నిమార్లు విషమును విడువకయే కరచును. అట్టివారు మంత్రము వేసినను వేయకున్నను బ్రదుకుదురు. వారందరును మంత్రగాని లెక్కలో చేరుదురు. చచ్చినవారు కర్మము ఖాతాలో చేరుదురు. తప్పినవానిని లెక్కింపని విద్య యెన్ని యుగములు గడచినను ఒక్క యడుగు ముందునకు సాగదు. మేమిప్పుడు చెప్పబోవు విద్యయందు జయముల కంటె అపజయముల లెక్కయే పెద్దది. దానిని చదువరులు గమనింపవలెను.

మాంసకృత్తు లనగా ఇరువది విధములైన అమైనో ఆమ్లములను పూసలుగ గ్రుచ్చిన దండలు. దండ నీటిలో పడగనే చుట్టుకొని యొక నిర్ణీతమైన రూపమును దాల్చును. రూపమునుబట్టియే దాని పని. ఆ రూపమును నిర్ణయించునది పూసల వరుసయే గాని వేరొక శక్తి కాదని అమెరికాలో క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ నిరూపించెను. 124 పూసలు గల యొక మాంసకృత్తును మందులతో విప్పివేసి, ఆ మందులను తొలగింపగా, అది తనంతట తాను మరల చుట్టుకొని మునుపటివలె పనిచేసెను. 1972 లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి. అయితే ఒక దండ చుట్టుకొనుటకు వీలైన రూపములన్నిటిని ఒక్కొక్కటిగ పరీక్షింపబూనినచో విశ్వము వయస్సు కూడ చాలదని 1969 లో లెవింతాల్ హెచ్చరించియుండెను. ఇందు చెన్నపట్టణపు పాలొకటి కలదు. 1963 లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ తన సహచరులైన రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో గూడి, దండలోని ముళ్లు ఏ యే కోణములలో తిరుగుటకు వీలున్నదో, ఏ కోణములలో పరమాణువు లొండొంటిని ఒరసికొని తిరుగనీయవో లెక్కించి పటము గీచెను. ప్రపంచమున నెచట మాంసకృత్తు రూపము నిర్ణయింపబడినను, అది సరిగ నున్నదా లేదా యని నేటికిని ఆ పటముతోనే పోల్చి చూచుదురు. రామచంద్రనునకు నోబెలు బహుమానము రాలేదు. వచ్చియుండవలసిన దని మా యభిప్రాయము.

వరుస తెలిసినచో రూపమేమి అనునది ప్రకృతి వేసిన ప్రశ్న. దీనిని తలక్రిందు చేసి, మనము కోరిన రూపము రావలెనన్నచో పూసల నే వరుసలో గ్రుచ్చవలెనని యడుగుటయే కల్పనావిద్యకు మొదలు. 1980 తరువాత కొందరు దీనిని చేతిలెక్కతోను నేర్పుతోను సాధింప జూచిరి. 1997 లో కాలిఫోర్నియాలో దహియాత్, మేయో అనువారు 28 పూసల చిన్న దండను పూర్తిగ కంప్యూటరుచేతనే నిర్ణయింపజేసిరి. ఆ యంత్రము ఏరవలసియుండిన వరుసల సంఖ్య 19 తరువాత 26 సున్నలు పెట్టినంతటిది. అయితే వారు తీసికొన్న రూపము ప్రకృతిలో నున్నదే. 2003 లో సియాటిలునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున డేవిడ్ బేకర్, బ్రయన్ కుల్మన్ మొదలగువారు ఒక యడుగు ముందునకు వేసి, ప్రకృతిలో నెచటను కానరాని చుట్టను కాగితముపై గీచి, దానికి తగిన 93 పూసల వరుసను లెక్కించి, ఆ దండను సూక్ష్మజీవులచేత చేయించి, స్ఫటికముగ మార్చి ఎక్స్ కిరణములతో పరీక్షించిరి. గీచిన బొమ్మకును వచ్చిన వస్తువునకును గల భేదము ఒక పరమాణువు వెడల్పు పాటిది. దానికి టాప్-7 అని పేరు. అది యే పనియు చేయదు. ఏ రోగమునకును మందు కాదు. అయినను మానవుడు తన బుద్ధితో ప్రకృతిలో లేని మాంసకృత్తును సంకల్పించి చేయగలడని చాటిన మొదటి వస్తు వగుటచే, ఈ చరిత్రలో దానికి పెద్దపీట వేయవలెను. 2024 లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానములో సగము బేకరునకు వచ్చినది. రెండవ సగమును, మాంసకృత్తుల రూపమును వరుసనుబట్టి చెప్పు యంత్రమును నిర్మించిన హసాబిస్, జంపరులు పంచుకొనిరి.

గ్రాహకమునకు తగులుకొను మాంసకృత్తును చేయుట ఇంతకంటె కష్టము. ఫిషర్ చెప్పిన తాళపు పోలిక ఇచట కొంత మోసము చేయును. ఇనుప తాళమునకు రంధ్రముండును. గ్రాహకము పైభాగము తరచుగ చదునైన బండవలె నుండును, పైగా నీటిలో తడిసియుండును. దాని నంటుకొనవలెనన్నచో నీటిని తొలగించి, గుంటకు గుబ్బయు, గుబ్బకు గుంటయు కుదిరి, విద్యుదంశము లొండొంటి నాకర్షింపవలెను. ఒక పూస పొసగకున్నచో అంతయు జారిపోవును.

2019 లో సియాటిలువారు సాధించిన దొకటి చెప్పెదము. మన రక్తమునందలి తెల్లకణములను యుద్ధమునకు పురికొల్పు ఇంటర్‌ల్యూకిన్-2 అను మాంసకృత్తును అమెరికాలో 1992 నుండి మూత్రపిండపు కేన్సరునకు మందుగ నిచ్చుచున్నారు. అది మేలుతోపాటు కీడును విశేషముగ చేయును. రక్తనాళములనుండి ద్రవము కారజేయును. ఈ మందు గ్రాహకమునందలి మూడు భాగములను తాకును. వానిలో ఒకదానిని విడిచి రెండింటినే తాకు మాంసకృత్తు నొకదానిని వారు క్రొత్తగ కట్టిరి. దాని పూసల వరుసకును మన శరీరములోని దాని వరుసకును గల పోలిక నూటికి 14 మాత్రమే. అయినను ద్వారము దానికి తెరచుకొన్నది. ఎలుకలయందు మంచి ఫలముల నిచ్చినది. మనుష్యులపై పరీక్ష 2021 లో ప్రారంభమై, 2022 లో నిలిపివేయబడినది. పత్రికలు మొదటి వార్తను పెద్ద యక్షరములతో వేయును. రెండవ వార్తను వేయుటకు వానికి స్థలము చాలదు. చదువరులకు రెండును తెలియవలె నని మా కోరిక.

2020 లో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు జరిగినది మరింత విచారింపదగినది. ఆ వైరసు మన కణముల పైపొరయందలి ఏస్-2 అను గ్రాహకమును పట్టుకొని లోనికి చొచ్చును. వైరసు చేతిని ముందుగనే పట్టుకొను చిన్న మాంసకృత్తులను చేయుటకు సియాటిలువారు రెండు త్రోవలు త్రొక్కిరి. ఒకటి, ఏస్-2 లో వైరసు పట్టుకొను మెలికను అరువు తీసికొని దాని చుట్టును కట్టుట. రెండవది, ప్రకృతి నేమియు అరువడుగక, వైరసు రూపమును మాత్రమే చూచి సరిక్రొత్తగ కల్పించుట. రెండవ త్రోవలో వచ్చిన ఎల్‌సీబీ-1 అను 56 పూసల దండ అత్యంత బలముగ పట్టుకొనెను. మానవబుద్ధియే గెలిచినదని యెవరికైన తోచును. అయితే మరుసటి సంవత్సరములలో వైరసు రూపము మార్చుకొనగా ఎల్‌సీబీ-1 పట్టు సడలెను. మొదటి త్రోవలో ఏస్-2 ను అనుకరించి చేసిన దండలను మూడింటిని జతపరచి చేసిన కూర్పు, 2022 లో ఓమిక్రాను వరకు పరీక్షింపబడిన రూపములన్నిటిని అడ్డగించెను. కారణ మూహించుట కష్టము కాదు: వైరసు ఎన్ని వేషములు వేసినను ఏస్-2 ను పట్టుకొనుట మానలేదు, మానినచో కణములోనికే పోలేదు. కావున ఏస్-2 వలె నుండుదానినుండి తప్పించుకొనుట దానికి దుర్ఘటము. స్వతంత్రకల్పన మేలా, అనుకరణము మేలా యని మన సాహిత్యమున జరుగు వాదము ప్రయోగశాలయందును ఇట్లు తటస్థించినది.

ఇక అపజయముల లెక్కకు వచ్చెదము. 2022 లో బేకరు పరివారమువారు పండ్రెండు మాంసకృత్తులను గురిగ పెట్టుకొని, వాని రూపము తప్ప మరే యాధారమును లేకుండ, 65 పూసలకు లోబడిన చిన్న దండలను కల్పించినట్లు ప్రకటించిరి. వానిలో పెక్కులు కణముల పైపొరయందలి గ్రాహకములే: ఇన్సులిను గ్రాహకము, కణముల పెరుగుదలను శాసించు గ్రాహకములు, తెల్లకణముల గ్రాహకములు మున్నగునవి. ఒక్కొక్క గురికి వారు పరీక్షించిన కల్పనలు 15,000 మొదలు 1,00,000 వరకు. వానిలో నిజముగ అంటుకొన్నవి నూటికి ఒకటికంటె తక్కువ. అన్నిటిని పరీక్షించిన విధము ముచ్చటైనది. ఒక్కొక్క కల్పనకు వలయు జన్యువును ఒక్కొక్క ఈస్టు కణమున నుంచుదురు. ఆ కణము తన పైపొరపై ఆ దండను ధరించుకొని నిలుచును. మెరయు రంగు నంటించిన గ్రాహకమును ఆ ద్రావకమున కలిపినచో, దండ పట్టుకొన్న కణము మాత్రము మెరయును. మెరసినవానిని యంత్రమేరును. చీకటిగ నున్న వేలకొలది కణములు వ్యర్థములు కావు. ఏవి యెందుకు అంటుకొనలేదో వానివలననే తెలిసికొందురు.

2023 లో ఈ నిష్పత్తి యొక్కసారిగ మారినది. చిత్రపటమునకు మసి పూసి, ఆ మసిని కొంచెము కొంచెముగ తుడుచుట యంత్రమునకు నేర్పినచో, కొంతకాలమునకు అది వట్టి మసినుండియే క్రొత్త చిత్రమును తీయగలదు. ఈ యుపాయమును మాంసకృత్తుల రూపములకు వర్తింపజేసి, యంత్రమునకు గ్రాహకమును చూపి, దాని ప్రక్కన మసినుండి దండను తీయుమనిరి. అయిదు గురులపై, ఒక్కొక్కదానికి 95 కల్పనలను మాత్రమే పరీక్షింపగా, నూటికి 19 అంటుకొనెను. దీనికి యంత్రపు తెలివి కారణమని చెప్పుట సగము సత్యము. ఆ యంత్రము చదివిన బడి వేరే కలదు. 1971 లో అమెరికాలో ఏడు మాంసకృత్తుల రూపములతో నొక భాండాగారమును తెరచి, ఎవరికైనను ఉచితముగ చూచుటకు వీలు కల్పించిరి. అది మొదలు నానాదేశముల పరిశోధకులు, ఒక్కొక్క రూపమునకు నెలలును ఏండ్లును పాటుపడి, అందు చేర్చుచు వచ్చిరి. తాను సంపాదించిన విద్యను కొడుకునకైన పూర్తిగ చెప్పక, మంత్రము చెప్పినచో వీర్యము పోవునని దాచుకొని చచ్చిపోయిన మన విషవైద్యులతో దీనిని పోల్చి చూడుడు.

ఇప్పుడు మరల పామునొద్దకు వచ్చెదము. విషమునకు విరుగుడుగ నేడు వైద్యశాలలలో నిచ్చు మందు 1894 నాటిది. సైగానులో వరదలకు నాగుపాము లూళ్లలో చొరబడి జనులను కరచుట చూచిన ఆల్బర్టు కాల్మెట్, విషమును కొద్దికొద్దిగ జంతువుల కెక్కించి, వాని రక్తపురసమునుండి విరుగుడును తీసెను. అదే సంవత్సరమున పారిసులో ఫిజాలిక్స్, బెర్ట్రాండులు కూడ వేరుగ దానినే కనుగొనిరి. నూటముప్పది సంవత్సరములలో శుద్ధిచేయు పద్ధతి మారినది గాని పద్ధతి మూలము మారలేదు, గుఱ్ఱమే యాధారము. ఈ మందువలన ఎన్ని ప్రాణములు నిలిచినవో లెక్కింపరాదు. లోపములును కలవు. గుఱ్ఱపు రసము కొందరి శరీరములకు పడదు. అన్నిటికంటె పెద్ద లోపము మరొకటి: నాగుపాము విషమునందు గ్రాహకమును పట్టుకొను మాంసకృత్తులు మూడు వ్రేళ్లు చాచిన చేతివలె నుండి, కేవలము 60 మొదలు 75 పూసలుగల మిక్కిలి చిన్నవి. అంత చిన్న వస్తువును గుఱ్ఱపు శరీరము శత్రువుగ గుర్తించుట తక్కువ. కావున ప్రాణాంతకమైన విషమునకే విరుగుడు పలుచనై యుండును.

గుఱ్ఱము గుర్తింపని దానిని కంప్యూటరునకు చూపవచ్చును గదా! బేకరు ప్రయోగశాలయందలి సుసానా వాస్కెస్ తోరెస్, డెన్మార్కునందలి టిమొతీ జెంకిన్స్ మొదలగువారితో గూడి, 2025 జనవరిలో ప్రకటించిన పని యిదియే. విషపు వ్రేళ్లు గ్రాహకమును తాకు చోటనే వానిని కప్పివేయు చిన్న దండలను పైన చెప్పిన మసితుడుపు యంత్రముతో కల్పించిరి. వేలకొలది కల్పనలు అక్కర లేకపోయెను. పదులలో పరీక్షించినవానినుండియే పనికివచ్చునవి దొరకెను. ప్రాణము తీయు మోతాదులో విషమెక్కించిన ఎలుకలకు ఈ దండల నీయగా, విషమునుబట్టియు మోతాదునుబట్టియు నూటికి 80 నుండి 100 వరకు బ్రదికెను. వీనిని సూక్ష్మజీవులచేత చేయింపవచ్చును, గుఱ్ఱముతో పనిలేదు. వేడికి తేలికగ చెడవు. పల్లెటూరి వైద్యశాలలలో మంచుపెట్టె పనిచేయు దినములకంటె పనిచేయని దినములే హెచ్చని యెరిగినవారికి ఈ గుణము విలువ చెప్పనక్కరలేదు.

ఈ వార్తను మనము శ్రద్ధగ వినవలసిన హేతువు కలదు. 2020 లో వెలువడిన గణనము ననుసరించి, 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన చచ్చినవారు సుమారు 12 లక్షలు. అనగా సంవత్సరమునకు సగటున 58,000. వీరిలో నాలుగవ వంతుకు మించినవారు పదునైదేండ్లకు లోబడిన పిల్లలు. ఎక్కువ మరణములు గల ఎనిమిది ప్రాంతములలో, తెలంగాణముతో గూడ లెక్కింపబడిన ఆంధ్రప్రదేశము ఒకటి. చచ్చువారు నాట్లు వేయువారు, కలుపు తీయువారు, పశువులను కాచువారు, నేలపై నిద్రించువారు. వీరి పేళ్లు పత్రికలకెక్కవు. మేడలలో నివసించువారికి ఈ చావు వచ్చుచుండినచో గుఱ్ఱపు మందునకు మారు వేరొక మందు ఇంతకు మునుపే పుట్టియుండెడిదని మేము నమ్ముచున్నాము.

అయితే ఆశకును మందునకును నడుమ దూరము చాల కలదు. ప్రకటింపబడిన నాటికి ఈ దండలు ఎలుకలపై పరీక్షింపబడినవే గాని మనుష్యులపై కాదు. మనుష్యశరీరము వానిని పరాయివస్తువులుగ నెంచి ఎదిరించునేమో చూడవలెను. అవి కొన్ని మూడువ్రేళ్ల విషములకే విరుగుడు. మన దేశమున పెక్కుమందిని చంపు రక్తపింజరి, చిన్న పింజరుల విషము గ్రాహకముపై కూర్చుండునది కాదు. రక్తము గడ్డకట్టు క్రమమును, శరీరపు కండను చెరచునది. మొదట చెప్పిన కట్లపాముజాతి సంగతియు పూర్తిగ తీరలేదు. దాని విషమునందు గ్రాహకమును పట్టుకొను బంగారోటాక్సిను గాక, బీటా యని పేరుగల మరియొక బంగారోటాక్సిను కలదు. అది ద్వారమును మూయదు. ద్వారమునకు ఈవల, సందేశమును పంపు నరపు కొననే పాడుచేయును. పాడైన కొన మరల చిగుర్చుటకు దినములు పట్టును; అంతవరకు రోగికి యంత్రముతో ఊపిరి యాడింపవలసివచ్చును. గ్రాహకము నొద్ద కాపలా పెట్టిన యీ దండలకు దానితో సంబంధము లేదు. కావున రాత్రివేళ కట్లపాము కరచినవానిని తీసికొనిపోవలసినది గుఱ్ఱపు మందును, ఊపిరి యాడించు యంత్రమును గల వైద్యశాలకే. ఆ మందునకు వలయు విషములో పెద్దభాగమును చెన్నపట్టణమునకు సమీపమున ఇరుళులను గిరిజనులు 1978 లో నెలకొల్పుకొన్న సహకారసంఘమువారు, పాములను చంపక పట్టి, విషమును తీసి, తిరిగి అడవిలో విడిచిపెట్టుచు సేకరించుచున్నారు.